పదకొండు ఒకట్లు

కొత్తగూడ ఫ్లైఓవర్ మా బాల్కనీకి ఎదురుగా వెళ్తుంది. ఉదయం ఎనిమిదిన్నర దాటితే దాని మీద బళ్ళు కదలవు, హారన్లు మాత్రం కదులుతాయి. ఆ మోతలో కూర్చుని భాగహారాలు చెయ్యడం నాకు ఈమధ్య అలవాటైంది. మా ఆవిడ భ్రమరాంబ పోయాక చప్పుడు లేని గదుల కంటే ఆ బాల్కనీయే నయమనిపించింది. అక్కడ కూర్చుంటే ఇంతమందికి ఆఫీసు ఆలస్యమవుతోందన్న తోడైనా ఉంటుంది.

బీఎస్సీ లెక్కలు చదివి, ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. పేరు సీతారామాంజనేయులు. మా మరదలు రాజరాజేశ్వరి కూతురు దేవిశ్రీ నా దగ్గరే ఉంటుంది. రాయదుర్గంలో ఉద్యోగం వచ్చిన కొత్తలో హాస్టలు వెతుక్కుంటుంటే "పెద్దమ్మ ఉండగా హాస్టలేమిటే" అని భ్రమరాంబ దాని పెట్టె తెచ్చి మా ఇంట్లో పెట్టించింది. పెద్దమ్మ లేకపోయినా పెట్టె అక్కడే ఉంది. నేను అడగలేదు, అది చెప్పలేదు. కొన్ని దయలు అలా మాటల్లేకుండా జరిగిపోతాయి.

ఆషాఢంలో ఒక ఆదివారం దేవిశ్రీ తన ఆఫీసులో పని చేసే అబ్బాయిని భోజనానికి తీసుకొచ్చింది. రాకేశ్ అని. వాళ్ళది ఈ కొత్తగూడే. ఇక్కడ మేడలు లేచే ముందు నుంచీ ఉన్న కుటుంబం. తండ్రి రాజయ్యకి తెల్లాపూర్ దారిలో మొక్కల నర్సరీ ఉంది. ఎందుకు తీసుకొచ్చిందో దేవిశ్రీ చెప్పలేదు గానీ, ఎవరూ అడగకుండానే వంకాయ కూర వండిందంటే అర్థమైంది.

వాన. కరెంటు పోయింది. భోజనమయ్యాక ముగ్గురం చీకట్లో మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాం.

"ఏం పని చేస్తావు బాబూ?" అని అడిగాను.

"తాళాలు ఏస్తం అంకుల్."

"తాళాలా?"

"అంటే, మీరు ఫోన్‌ల ఎవరికన్న ఏదన్న పంపితే నడుమల ఇంకోడు చదవకుండ. ఆ తాళం ఏంది అంటే రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణిస్తం. గుణించుడు అల్కగ అయితది. మళ్ళ ఇడదీసుడే ఎవరి తరం కాదు."

ప్రధాన సంఖ్య అన్న మాట ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడి నోట వినడం నాకు అదే మొదలు. ఒకటితోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగించబడని సంఖ్య. దేవిశ్రీ లాంటివాళ్ళు ప్రైమ్ అంటారు.

"తెలుగు మీడియమా?"

"పదో తరగతి దాక జిల్లా పరిషత్తే అంకుల్. కసాగు, గసాభా, మొత్తం తెలుగులనే."

"ఏవో తిట్లు తిట్టుకుంటున్నట్టుంది ఇద్దరూ" అంది ఎల్‌సీఎం, హెచ్‌సీఎఫ్ అని చదువుకున్న దేవిశ్రీ.

నా మనసు తేలికైంది. ఫోను టార్చి వెలుగులో ఒక కాగితం తీసి ఒకట్లు రాశాను. రెండు ఒకట్లు రాస్తే పదకొండు, అది ప్రధానం. మూడు రాస్తే నూటపదకొండు, మూడు ముప్ఫైఏడులు నూటపదకొండు, కాబట్టి కాదు. ఆరు ఒకట్లు రాస్తే వాటిని రెండేసి చొప్పున విడగొట్టచ్చు, పదకొండు దాన్ని భాగిస్తుంది. అంటే ఒకట్ల లెక్క విడిపోయేదైతే సంఖ్య కూడా విడిపోతుంది. ఒకట్ల లెక్కే ప్రధానమైతే ఆశ ఉంటుంది. ఆశే, హామీ కాదు. ఐదు ఒకట్లని నలభైఒకటి విరుస్తుంది. ఏడు ఒకట్లని రెండువందల ముప్ఫైతొమ్మిది విరుస్తుందని కాలేజీ రోజుల నుంచి గుర్తు.

"మరి పదకొండు ఒకట్లు?" అన్నాడు రాకేశ్.

నాకు తెలియదు. వెయ్యి నూటపదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూటపదకొండు. కాగితం మీద కంచెలా నిలబడింది.

"నాకైతే ప్రధానమే అనిపిస్తుంది అంకుల్. దాని మొఖం చూడుండ్రి. ఎక్కడన్న సందుందా?"

"కంప్యూటర్లో కొడితే క్షణంలో తేలదూ?" అంది దేవిశ్రీ.

"ముట్టను. అంకుల్ చేత్తో తేల్చేదాక ముట్టను. నా మాట ప్రధానమే అని."

ఆ రోజు నుంచి అతను నాకు అల్లుడే. మిగతావాళ్ళు ఒప్పుకోవడానికి నెలలు పట్టింది. రాజరాజేశ్వరి కాకినాడలో ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ యాస మనకి అలవాటు కాదు బావగారూ అంది, వాళ్ళ తిండీ మన తిండీ వేరంది. నేను ఒక్కటే చెప్పాను, కుర్రాడు మంచివాడని. చివరికి "మీరన్నారు కాబట్టి" అంది. ఆ మాట నా భుజం మీద బరువుగానే ఉండిపోయింది. కార్తీకంలో ఒక ఆదివారం నిశ్చితార్థం పెట్టుకున్నారు. మా వైపు దాన్ని ప్రధానం అంటారు. వాళ్ళ వైపూ ఆ మాట ఉంది. రాజరాజేశ్వరి "దేవిశ్రీ ప్రధానం" అని వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, రెండు వైపుల పెద్దలందరినీ అందులో చేర్చింది. పట్టుచీరలూ వంటవాళ్ళూ పువ్వులూ, ఫోను తెల్లవార్లూ కూస్తుండేది.

నేను మాత్రం రోజూ ఉదయం నా రెండో ప్రధానం చూసుకుంటున్నాను. పదకొండు ఒకట్లని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని ఇరవైరెండుతో భాగించినప్పుడు ఒకటి మిగలాలి. ఈ నియమం పుణ్యమా అని చాలావాటిని చూడకుండానే వదిలెయ్యచ్చు. ఇరవైమూడు చూశాను, శేషం వచ్చింది. అరవైఏడు, శేషం. ఎనభైతొమ్మిది, శేషం. వందలు దాటాయి, వేలు దాటాయి. సాయంత్రం రాకేశ్ దేవిశ్రీని దింపడానికి వస్తే కింద నుంచే "ఉన్నదా అంకుల్ ప్రధానం?" అని అడిగేవాడు. "ఇంకా ఉంది" అనేవాణ్ణి. ప్రధాన సంఖ్య అని పూర్తిగా అనడం ఎప్పుడో మానేశాం.

నిశ్చితార్థం మూడు రోజుల్లో ఉందనగా, గురువారం ఉదయం, ఇరవైఒక్క వేల ఆరువందల నలభైతొమ్మిది దగ్గర శేషం సున్న వచ్చింది. మళ్ళీ చేశాను. సున్నే. భాగఫలం ఐదు లక్షల పదమూడు వేల రెండువందల ముప్ఫైతొమ్మిది. ఇన్నాళ్ళూ ఏ సందూ లేకుండా నిలబడ్డ ఒకట్ల కంచె రెండుగా విడిపోయింది. కాస్త జాలి కూడా వేసింది. సంఖ్యతో అన్నాళ్ళు కాపురం చేస్తే అది వస్తువులా అనిపించదు.

దేవిశ్రీ అప్పటికే ఆఫీసులో ఉంది. మీటింగులో ఉంటుందని ఫోను చెయ్యకుండా వాట్సాప్‌లో దేవిశ్రీ అన్న పేరు మీద నొక్కి, మాట రికార్డు చేసి పంపాను. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. ఫోను చార్జింగుకి పెట్టి, ఎదురుగా ఉన్న బొటానికల్ గార్డెన్‌లో నాలుగు చుట్లు తిరుగుదామని వెళ్ళాను. ఎండ మెత్తగా ఉంది. బెంచీ మీద కూర్చుని ఒక కునుకు కూడా తీశాను.

తిరిగొచ్చేసరికి వాచ్‌మన్ లింగమూర్తి గేటు దగ్గరే ఆపాడు. "సార్, మీ కోసం ఎవరో పెద్దమనుషులు వచ్చిండ్రు. పైన తలుపు కాడ కూసున్నరు. మొఖాలు మంచిగ లెవ్వు."

మా గుమ్మం ముందు చెప్పుల స్టాండు పక్కన రాజయ్యా, ఆయన తల్లి కిష్టమ్మా కూర్చుని ఉన్నారు. ఆమెకి ఎనభై దగ్గర. నేను గబగబా తలుపు తీసి లోపలికి రమ్మన్నాను.

"లోపలికి తర్వాత సార్" అన్నాడు రాజయ్య. "ముందుగాల్ల ఇది ఏందో చెప్పుండ్రి." ఫోను తీసి నొక్కాడు. అందులోంచి నా గొంతు, తీరిగ్గా, సంతోషంగా వచ్చింది.

"అమ్మా, ప్రధానం కాదు. ఇవాళ తేలిపోయింది. పైకి ఎంత పద్ధతిగా కనబడిందో, నేనే మోసపోయాను. లోపల రెండున్నాయి. ఇన్నాళ్ళూ దాచుకుంది. రాకేశ్‌కి నువ్వే మెల్లగా చెప్పు, పాపం, అతను ప్రధానమే అని గట్టిగా నమ్ముకున్నాడు."

నేను నొక్కింది దేవిశ్రీ పేరు కాదు, దేవిశ్రీ ప్రధానం గ్రూపు.

కళ్ళజోడు కిందికి దించి ఆయన ఫోను చూశాను. మన భాషలో సంఖ్యకీ ఆడపిల్లకీ క్రియ ఒకటే. అది దాచుకున్నా దాచుకుందే, ఆమె దాచుకున్నా దాచుకుందే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి మాట్లాడుతున్న భాష, ఆ రోజు దాకా నాకు ఆ సంగతి తట్టలేదు.

"అది లెక్క గురించి రాజయ్యగారూ. ఒక పెద్ద సంఖ్య. మీ అబ్బాయీ నేనూ..." అంటూ మొదలుపెట్టి ఒకట్ల కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"లెక్కను ఎవలన్న పద్ధతిగ కనబడ్డది అంటరా సార్?" అన్నాడు.

"నేనంటాను."

"దాచుకున్నది అంటరా?"

లోపల ఫోను ఆగకుండా మోగుతోంది. తెచ్చి చూస్తే కాకినాడ. వీడియోలో రాజరాజేశ్వరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బావగారూ, మీ మాట మీద కదండీ నేను ఒప్పుకున్నది. ఇప్పుడు మీరే కాదనడమేమిటి, అదీ గ్రూపులోనా? లోపల రెండేమిటండీ? మా ఆడపడుచులు ఏమేమో అనుకుంటున్నారు. నోటితో చెప్పలేను."

"సంఖ్యమ్మా, సంఖ్య లోపల రెండు."

"నాకు సర్దిచెప్పకండి."

అప్పుడే లిఫ్టు తెరుచుకుని దేవిశ్రీ, రాకేశ్ వచ్చారు. మెడలో ఆఫీసు కార్డులు అలాగే ఉన్నాయి. రాకేశ్ దారంతా తండ్రికి ఫోనులో చెప్పుకుంటూనే వచ్చినట్టున్నాడు. "బాపూ, చెప్పిన కద, అది నంబర్ ముచ్చట" అన్నాడు రొప్పుతూ.

"మీ ఇద్దరు ఒక మాట అనుకోని వచ్చిండ్రని అంటరు రా."

దేవిశ్రీ ఆయన ముందు నిలబడింది. "మావయ్యగారూ, నేనేం దాచలేదు" అంది. కార్డు తాడుని వేలికి చుట్టుకుంటూనే ఉంది.

రాజయ్య తల దించుకున్నాడు. "నాకు ఎర్కే బిడ్డా. నిన్ను నేను అంటలేను. కానీ గ్రూపుల మా అన్నదమ్ములందరు ఇన్నరు. ఆదివారం పది మందిల ఎవడన్న 'ఏందిరా రాజయ్యా, పిల్ల ఏమో దాచుకున్నదట' అంటే నేను ఏం చూపెట్టాలె? లెక్క అంట అని నవ్వితే అయితదా? నువ్వు రేపు మా ఇంట్ల తిరగాల్సినదానివి. ఆ మాట నీ ఎనకనే తిరుగుతది."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నా నోటి మాట ఒకటి ఈ పిల్ల వెనక జీవితమంతా నడవబోతోంది.

అంతవరకూ మాట్లాడని కిష్టమ్మ చేతికర్ర పక్కన పెట్టింది. "ఇగో సారూ. గా లెక్క ప్రధానం కాదంటున్నవు. అవునా?"

"కాదమ్మా."

"చూపెట్టు మరి. అది కాదని తేలితే మా ప్రధానం ఉన్నట్టు. అది ఉన్నదని తేలితే మాది లేనట్టు. తేలినంకనే నీ ఇంట్ల చాయ తాగుత."

రాకేశ్ జేబులోంచి ఫోను తీశాడు. "నానమ్మా, గిదెంత పని, ఒక్క నిమిషం ఆగు."

"ఫోనొద్దు. గా ఫోనే కదరా పొద్దుగాల నుంచి పరేషాన్ జేస్తున్నది. చేత్తోని చెయ్యండ్రి."

"ఒక్కలే చేసుడు కూడ వద్దు" అన్నాడు రాజయ్య. "సార్ ఒక్కడే చేస్తే సార్ లెక్కనే అయితది. రెండు దిక్కులోళ్ళం చేస్తే అందరి లెక్క అయితది."

మా గుమ్మం ముందు నల్ల గ్రానైటు పరిచి ఉంది. దేవిశ్రీ శుక్రవారాలు ముగ్గు వేసే సుద్దముక్క తెచ్చింది. ఐదు లక్షల పదమూడు వేల రెండువందల ముప్ఫైతొమ్మిది పైన రాసి, దాని కింద ఇరవైఒక్క వేల ఆరువందల నలభైతొమ్మిది రాశాను. వీటిని గుణిస్తే పదకొండు ఒకట్లు రావాలి. వస్తే ఆ సంఖ్య విడిపోయినట్టు, అంటే ప్రధానం కానట్టు. కింది సంఖ్యలో అంకెలు ఐదు. ఒక్కో అంకెకి ఒక్కో వరుస.

తొమ్మిది నేను తీసుకున్నాను. నాలుగు రాజయ్య తీసుకున్నాడు. మొక్కలు అమ్మే మనిషి, పెదాలు కదపకుండా చేసేశాడు. ఆరు ఎవరికి అని చూస్తుంటే, చెప్పుల స్టాండుకి ఆనించిన ఫోనులోంచి "నాకివ్వండి" అంది రాజరాజేశ్వరి. "మా పిల్ల సంగతి, నేను చెయ్యకపోతే ఎలా? నేను చెప్తాను, మీరు దించుకోండి బావగారూ." బడిలో చెప్పినట్టే కుడి నుంచి ఎడమకి ఒక్కో అంకే పలికింది. నేను రాశాను.

"ఒకటి నాకియ్యండ్రి" అంది కిష్టమ్మ. "ఒకటితోని ఏముంది, ఉన్నది ఉన్నట్టే దించుడు. మా ఆయన పోయిన కాడికెల్లి నేను చేస్తున్నది గదే."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, పై వరుస చూస్తోంది. దేవిశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని అంకెలు దించింది. మిగిలిన రెండు దేవిశ్రీ చేసింది.

ఐదు వరుసలూ అయ్యాయి. ఒక్కోటి ఒక్కో స్థానం ఎడమకి జరిగి మెట్లలా ఉన్నాయి. కూడడం రాకేశ్ వంతు. మోకాళ్ళ మీద కూర్చుని కుడి చివర మొదలుపెట్టాడు.

"ఒకటి" అన్నాడు. "ఒకటి. ఒకటి. ఒకటి. ఒకటి."

ఆగాడు. మళ్ళీ కూడాడు. సుద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో ఉండిపోయింది.

"ఏమైంది?" అంది ఫోనులోంచి రాజరాజేశ్వరి. "ఎవరూ మాట్లాడరేమిటి? నాకు పైకప్పు తప్ప ఏం కనబడట్లేదు."

రాకేశ్ సున్న రాశాడు. తరువాత మిగతావి గబగబా కూడి రాశాడు. మళ్ళీ ఐదు ఒకట్లు. అటు ఐదు, ఇటు ఐదు, సరిగ్గా నడుమ ఒక సున్న.

"నడుమల గుండు సున్న" అంది కిష్టమ్మ మెల్లగా.

రాజయ్య లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు. కోపంగా కాదు. చెయ్యాల్సింది చేశాం, ఇక మాట్లాడడానికి లేదు అన్నట్టు. దేవిశ్రీ గోడకి ఆనుకుని ఆ సున్న వైపే చూస్తోంది. వాళ్ళ పెద్దమ్మని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజు ఆ పిల్ల అలాగే నిలబడింది. ఆ రోజు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఈ రోజు ఉంది.

"ఒక్క రెండు నిమిషాలు కూర్చోండి రాజయ్యగారూ" అన్నాను. "తప్పు లెక్కలో లేదు, గుణకారంలో ఉంది. ఏ వరుసలో ఉందో చెప్తాను."

తొమ్మిదుల తీసివేత అని పాత పద్ధతి ఒకటుంది. సంఖ్యలోని అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా తగ్గించడం. గుణకారం సరైనదైతే ఆ చిన్న అంకెలు కూడా అలాగే గుణించుకోవాలి. పై సంఖ్యకి ఐదు మిగులుతుంది. నా వరుస చూశాను, సరిగ్గా ఉంది. రాజయ్య నాలుగో ఎక్కం వరుస సరే. కిష్టమ్మది సరే, దేవిశ్రీది సరే. ఆరో ఎక్కం వరుసకి ఆరైదులు ముప్ఫై, అంటే మూడు మిగలాలి. అంకెలు కూడితే ఇరవైతొమ్మిది, దాన్ని కూడితే పదకొండు, దాన్ని కూడితే రెండు.

ఒకటి తక్కువ. అది రాజరాజేశ్వరి వరుస.

ఆమె ఆ ఫోనులో, వియ్యంకులు కాబోయేవాళ్ళ ముందు, ముప్ఫై ఏళ్ళ మేష్టరీతో కూర్చుని ఉంది. "ఈ ఆరో వరుస దించుకోవడంలో నాకు ఎక్కడో..." అని నసిగాను.

"ఉండండి" అంది ఆమె. "ఏం రాశారో చదవండి."

చదివాను. మూడు, సున్న, ఏడు, ఎనిమిది, నాలుగు, మూడు, నాలుగు.

ఫోనులో ఫ్యాను చప్పుడు, దాని మీదుగా లోగొంతుకతో ఎక్కం. "ఆరు తొమ్మిదులు యాభైనాలుగు, నాలుగు వేసి చేతిలో ఐదు. ఆరు మూళ్ళు పద్దెనిమిది, ఐదు కలిపితే ఇరవైమూడు, చేతిలో రెండు. ఆరు రెళ్ళు పన్నెండు, రెండు పద్నాలుగు, నాలుగు వేసి చేతిలో ఒకటి. ఆరు మూళ్ళు పద్దెనిమిది..." ఆగింది. "పంతొమ్మిది. అక్కడ తొమ్మిది రావాలి. ఆ చేతిలో ఒకటి వదిలేశాను. మీరు సరిగ్గానే దించారు బావగారూ. నాదే."

నేను రాకేశ్ చేతిలోంచి సుద్ద తీసుకున్నాను.

"ఈ ఒక్క తప్పుకి ఎంతమంది పిల్లల చెవులు మెలేశానో లెక్కలేదు" అంది మళ్ళీ. "పొద్దున్నుంచి మనసు మనసులో లేదండీ. ఆ మాట విన్న దగ్గర నుంచి."

"ఎట్లుంటది బిడ్డా" అంది కిష్టమ్మ ఫోను వైపు వంగి. "ఆడపిల్ల తల్లివి. పోనియ్యి, ఒకటే కదా మరిచిపోయింది."

నేను ఎనిమిది చెరిపి తొమ్మిది చేశాను. రాకేశ్ ఆ నిలువు వరుస మళ్ళీ కూడాడు. ఆరూ ఐదూ తొమ్మిదీ రెండూ ఏడూ, చేతిలో రెండు, ముప్ఫైఒకటి. ఒకటి వేసి చేతిలో మూడు. సున్న చెరపబోతుంటే కిష్టమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"నాకియ్యి. నిలువు గీతనే కదా, నాకొస్తది."

బొటనవేలితో సున్న తుడిచి, ఆ చోట ఒక గీత గీసింది. పక్కవాటి కంటే కాస్త పొడుగ్గా, వంకరగా వచ్చింది. తరువాత అన్నింటినీ వేలితో ముట్టుకుంటూ కుడి చివర నుంచి ఎడమ చివర దాకా వెళ్ళింది.

"అన్ని గవే ఉన్నయి" అంది. "అయితే గిది ప్రధానం కాదు."

"కాదమ్మా" అన్నాను. ఆ మాట అనడానికి అంత ఊరటగా ఉంటుందని అనుకోలేదు.

రాజయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. "మరి పైన రాసిన రెండు లెక్కలున్నయి కద సార్. అవి గూడ ఇట్లనే ఇడిపోతయా?"

"లేదండీ. అవి రెండూ ప్రధానాలే. వాటిని ఇంకెవరూ విడదియ్యలేరు."

"మరి ముందుగాల్ల గా ముచ్చట చెప్పద్దా" అంటూ కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, పెళ్ళిపత్రిక చదివినట్టు మాట్లాడాడు. "అందరికి నమస్కారం. నేను రాజయ్య. పొద్దుగాల సార్ చెప్పింది ఒక లెక్క ముచ్చట. పదకొండు ఒకట్ల లెక్క. దాన్ని మేమందరం కూసోని చేత్తో చేసినం, వియ్యపురాలు గూడ చేసింది. అది ప్రధానం కాదు. మా పిల్లల ప్రధానం ఆదివారమే ఉన్నది. ఎవలకన్న అనుమానం ఉంటే కొత్తగూడకు వచ్చి నేల మీద చూసుకోండ్రి. భోజనాలు పదకొండున్నరకు." కాస్త ఆలోచించి, "పదకొండున్నర అంటే టైము, లెక్క గాదు" అని కలిపి పంపాడు.

దేవిశ్రీ మొదట నవ్వింది, ఆ తరువాత కళ్ళు తుడుచుకుంది. రాకేశ్ ఆమె పక్కన చేరి గోడకి ఆనుకున్నాడు. "అంకుల్, నేను ఓడిపోయిన" అన్నాడు.

"నువ్వు ఓడినందుకే కదా మీ నానమ్మ చాయ తాగబోతోంది" అంది దేవిశ్రీ. తరువాత నా వైపు తిరిగి, "పెదనాన్నా, ఈసారి నుంచి నాకు ఫోనే చెయ్యండి. మీటింగులో ఉన్నా ఎత్తుతాను" అంది.

కిష్టమ్మ ఆ పిల్ల భుజం పట్టుకుని లేచి, అంకెలు తొక్కకుండా గోడ వారగా నడిచి లోపలికి వచ్చింది. రాజయ్య చెప్పులు విప్పి వెనకే వచ్చాడు. రాకేశ్ వంటింట్లో పాలు వెతుకుతున్నాడు. పక్క ఫ్లాటావిడ తలుపు తీసి గ్రానైటు మీద ఏమిటా ముగ్గు అని చూసి, నన్నేమీ అడక్కుండా నవ్వి తలుపు వేసుకుంది. ఆ క్షణాన నేను ఆమెకి చాలా రుణపడ్డాను.

ఫోను ఇంకా చెప్పుల స్టాండు దగ్గరే ఉంది. తియ్యడానికి వంగాను. వీడియో కట్ చెయ్యడం రాజరాజేశ్వరి మరిచిపోయింది. ఆమె ముఖం లేదు, ఫోను ఎక్కడో పడుకోబెట్టి ఉంది. కాకినాడ ఇంటి ఫ్యాను తిరుగుతోంది. దూరంగా గిన్నెలు కదిపిన చప్పుడు, వాటి మధ్యన ఆమె గొంతు. తనలో తనే, పిల్లలకి మొదటిసారి నేర్పిస్తున్నట్టు నిదానంగా, ఆరో ఎక్కం చెప్పుకుంటోంది. ఆరు రెళ్ళు పన్నెండు. ఆరు మూళ్ళు పద్దెనిమిది. ఆరు నాలుగులు ఇరవైనాలుగు.

నేను పిలవలేదు. ఎక్కం చివరికి వచ్చేదాకా ఆ మెట్ల లెక్క పక్కన కూర్చున్నాను. ఆరు పదులు అరవై అన్నాక, గిన్నె బోర్లించిన చప్పుడయ్యాక, చప్పుడు చెయ్యకుండా ఫోను కట్ చేసి లోపలికి వెళ్ళాను.